మొలక శాతం సరే, మోసుకొచ్చే జబ్బు?

వరి గింజలో దాగిన బ్యాక్టీరియాను గంటల్లో పట్టేసే పరీక్షలు వచ్చి ఏళ్లయింది. విత్తన సంచికి కట్టే ట్యాగు మాత్రం ఇప్పటికీ ఆ ఊసెత్తదు

కావలసినవి మూడే: ఒక గాజు గ్లాసు, కాసిన్ని నీళ్లు, ఒక కత్తెర. అంచులు అలలు అలలుగా పసుపు తిరిగి, కొస నుంచి కిందికి ఎండుకొస్తున్న వరి ఆకును తెంచాలి. పచ్చదనం, ఎండు కలిసే చోట అడ్డంగా కత్తిరించి ఆ ముక్కను నీళ్లలో నిలబెట్టాలి. కొద్ది నిమిషాల్లో కోసిన అంచు నుంచి పాలపొగ లాంటి ధార సన్నగా జారుతుంది. కాసేపటికి నీళ్లు మసకబారతాయి. ఆ పొగే బ్యాక్టీరియా. కోట్ల సంఖ్యలో ఒక్కుమ్మడిగా బయటపడితే తప్ప మామూలు కంటికి కనిపించని జీవి అది.

ఎండాకు తెగులును పొలం గట్టు మీదే నిర్ధారించడానికి ఇంతకన్నా చవకైన పరీక్ష లేదు. కాకపోతే ఇది పోస్టుమార్టం లాంటిది. గ్లాసులో పొగ కనిపించేనాటికి మడిలో సగం దుబ్బులకు జబ్బు అంటుకుని ఉంటుంది. రైతు అడిగే ప్రశ్న వేరు. ఇది ఎక్కడి నుంచి వచ్చింది? పక్క చేను నీళ్లలోనా, గాలివానకా, లేక జూన్‌లో డబ్బు పెట్టి కొన్న విత్తన సంచిలోనా?

సంచి ట్యాగు మీద చాలానే రాసి ఉంటుంది. ధృవీకరించిన వరి విత్తనమైతే కనీసం 80 శాతం మొలకెత్తాలి. 98 శాతం శుద్ధంగా ఉండాలి. తేమ 13 శాతం మించకూడదు. తెగుళ్ల విషయానికొస్తే, గింజను నల్లపొడిగా మార్చే బంట్ అనే శిలీంధ్రానికి ప్రమాణాల్లో ఒక పరిమితి ఉంది. బ్యాక్టీరియాకు లేదు. ఉండనక్కర్లేదనుకున్నారో, ఉన్నా పరీక్షించేదెలా అనుకున్నారో గానీ ఆ గడి ఖాళీగానే మిగిలిపోయింది. రెండో సాకు ఇక చెల్లదు. గింజలో ఉన్న బ్యాక్టీరియాను, అదీ ఏ రకమో పేరు పెట్టి మరీ, రెండు మూడు గంటల్లో తేల్చే పరీక్షలు 20 ఏళ్లకు పైగా శాస్త్రవేత్తల చేతిలో ఉన్నాయి. అయినా అవి ప్రయోగశాల గడప దాటి విత్తన గోదాముకు ఎందుకు రాలేదన్నదే అసలు కథ.

పాత పగ

జపాన్‌లోని ఫుకువోకా ప్రాంతంలో 1884లో ఈ తెగులును మొదట గమనించింది ఒక రైతే. చాలాకాలం దాన్ని నేలలోని ఆమ్ల గుణం తెచ్చే జబ్బు అనుకున్నారు. తెల్లవారుజామున ఆకుల మీద మసకగా నిలిచే మంచు బిందువుల్లో బ్యాక్టీరియా ముద్దలున్నాయని 20వ శతాబ్దపు తొలి దశాబ్దంలో గానీ తెలియలేదు. ఇప్పుడు దాని పేరు జాంథోమోనాస్ ఒరైజే. ఆకు అంచున నీటిచుక్కలు బయటికొచ్చే రంధ్రాల్లోంచి, లేదా గాయాల్లోంచి లోపలికి జొరబడి నీటినాళాల్లో కాపురం పెడుతుంది. లేత నారుకు సోకితే మొక్క మొత్తం వడలిపోతుంది. ఈ దశకు ఇండోనేసియా నుంచి వచ్చిన 'క్రెసెక్' అన్న పేరే ప్రపంచమంతా వాడుతోంది.

మన దేశంలో దీని ఉనికి 1951లో మహారాష్ట్రలో నమోదైంది. పన్నెండేళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1963లో బిహార్‌లో విరుచుకుపడ్డాక ఢిల్లీకి మెలకువ వచ్చింది. ఆ వెంటనే తైవాన్ నుంచి తైచుంగ్ నేటివ్-1 వచ్చింది. పొట్టి వరి, ఎరువు వేసిన కొద్దీ పండే వరి, హరిత విప్లవానికి నాంది పలికిన వరి. ఎండాకు తెగులుకు తలవంచే వరి కూడా. నత్రజని బాగా వేసిన ఏపుగా పెరిగిన చేనంటే ఈ బ్యాక్టీరియాకు మహా ఇష్టం. 1979, 1980ల్లో పంజాబ్, హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్‌ల వంతు వచ్చింది. మామూలుగా 20 నుంచి 30 శాతం దిగుబడిని మింగేసే ఈ తెగులు నాట్ల తర్వాత తొందరగా సోకితే సగం పంటకు పైగా ఎసరు పెడుతుంది.

వచ్చాక వదిలించుకునే మందు లేదు. ఇన్నాళ్లూ రైతులు కాపర్ ఆక్సీక్లోరైడ్‌లో యాంటీబయోటిక్ పొడి కలిపి చల్లుతూ వచ్చారు. మనుషుల రోగాలకు వాడే స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్‌ల మిశ్రమమే అది. పొలాల్లో యాంటీబయోటిక్‌ల వాడకం మందులకు లొంగని సూక్ష్మజీవులను తయారు చేస్తుందన్న ఆందోళనతో దీన్ని సాగు నుంచి తప్పించేందుకు కేంద్రం 2021 డిసెంబర్‌లో ముసాయిదా ఉత్తర్వు వెలువరించింది. ఉన్న ఆ ఒక్క ఆసరా కూడా జారిపోతుంటే, జబ్బును గడప బయటే ఆపడం తప్ప దారి లేదు. అందుకే గింజ వైపు చూపు మళ్లింది.

గింజ దోషా, సాక్షా?

వరి గింజ ఊకలో ఈ బ్యాక్టీరియా ఉంటుందన్నదానిపై తగాదా లేదు. అక్కడి నుంచి మొలకకు అంటుకుంటుందా అన్నదానిపై మాత్రం అర్ధ శతాబ్దంగా శాస్త్రవేత్తల మధ్య పేచీ నడుస్తూనే ఉంది. బిహార్ దెబ్బ తర్వాత 1964లో శ్రీవాత్సవ, రావు అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఉత్తర భారతంలో ఈ తెగులు విత్తనం ద్వారానే వ్యాపించిందని వాదించారు. ఇరవై ఏళ్లకు కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థలో ప్రయోగాలు చేసినవారు తద్భిన్నమైన నిర్ధారణకు వచ్చారు. నిల్వలో బ్యాక్టీరియా సంఖ్య వేగంగా పడిపోతుంది, వ్యాప్తిలో విత్తనానికి చెప్పుకోదగ్గ పాత్ర లేదు అన్నది వారి మాట. కోసిన చేలోని కొయ్యకాళ్లు, గట్ల మీది గడ్డి, అడవి వరి, కాలువ నీరు.. వారి దృష్టిలో అసలు దోషులు ఇవి.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. విత్తనంలో ఉండటం వేరు, విత్తనం నుంచి పంటకు సోకడం వేరు. ఎండాకు తెగులు బ్యాక్టీరియా విషయంలో మొదటిది ఖాయం, రెండోది వివాదం. దాని తోబుట్టువు ఆకుచార తెగులు బ్యాక్టీరియా విషయంలో ఆ అనుమానం కూడా లేదు, విత్తనం ద్వారా సోకుతుందని అందరూ ఒప్పుకుంటారు. ఇక మూడోది బర్కోల్డేరియా గ్లూమే. కంకిని తాలుగా మార్చే ఈ బ్యాక్టీరియాకు విత్తనమే ప్రధాన వాహనం.

విత్తనం నిర్దోషి అని తేల్చేసేవారు టాంజానియా సంగతి కూడా వినాలి. ఆఫ్రికాలో ఎండాకు తెగులు కొత్తది కాదు, 1970ల చివర్లోనే మాలీలో కనిపించింది. అయితే అక్కడి బ్యాక్టీరియా, ఆసియా బ్యాక్టీరియా జన్యుపరంగా వేరువేరు వంశాలు. 2019లో టాంజానియాలో తెగులు విరుచుకుపడినప్పుడు నమూనాల జన్యుపటాలు తీసి చూస్తే అవి ఆఫ్రికా వంశానివి కావని తేలింది. ఆసియా వాటికి, ముఖ్యంగా చైనా నుంచి సేకరించిన వాటికి దగ్గరగా ఉన్నాయి. స్థానిక వరి రకాలు ఎన్నడూ ఎదుర్కోని ఆయుధాలు వాటి దగ్గరున్నాయి. హిందూ మహాసముద్రాన్ని కాలువ నీరు దాటించలేదు. ఏ సంచిలో వచ్చిందో రుజువు చేసే కాగితం లేదు గానీ, మనుషులతోపాటు వచ్చిందని అనుకోవడానికి పెద్ద ఊహాశక్తి అక్కర్లేదు.

అంటే ఒక ఊళ్లో తెగులు ఉండనే ఉన్నప్పుడు విత్తనం పాత్ర చిన్నదే కావచ్చు. లేని చోటికి, లేదా వేరే వంశం ఉన్న చోటికి తేవడంలో మాత్రం అది చిన్నది కాదు.

పచ్చరంగు మాయ

పట్టుకోవడం ఎందుకంత కష్టమైంది? పాత పద్ధతిలో గింజలను నూరి, ఆ నీటిని పోషకాలున్న జెల్లీ మీద పోసి, ఏం మొలుస్తుందో చూస్తారు. ఎండాకు తెగులు బ్యాక్టీరియా చాలా నిదానంగా పెరుగుతుంది. చిన్న పసుపు చుక్కగా కనిపించడానికే రోజులు పడుతుంది. వరి గింజ మీద హాని చేయని బ్యాక్టీరియా మంద ఎప్పుడూ ఉంటుంది, అవి ఒక్క రాత్రిలో పళ్లెమంతా ఆక్రమిస్తాయి. వాటిలో కొన్ని అచ్చం అదే పసుపు రంగులో ఉంటాయి. తప్పించుకున్న దొంగను వదిలేసి, అదే రంగు చొక్కా వేసుకున్న పెద్దమనిషిని పట్టుకున్నట్టవుతుంది వ్యవహారం. చివరికి అనుమానించిన బ్యాక్టీరియాను ఆరోగ్యంగా ఉన్న వరి ఆకుకు గుచ్చి, జబ్బు వస్తుందా లేదా అని రెండు వారాలు ఎదురుచూడాల్సిందే. అప్పటికి నారుమడి పోసే అదను దాటిపోతుంది.

పీసీఆర్ అంటే ఏమిటో పదేళ్ల క్రితమైతే రెండు పేరాలు వివరించాల్సి వచ్చేది. కొవిడ్ పుణ్యమా అని ఆ మాట ఇప్పుడు ఇంటింటా తెలుసు. కేరీ మల్లిస్ 1983లో కనిపెట్టి 1993లో నోబెల్ అందుకున్న ఈ పద్ధతిలో, ఫలానా జీవికి మాత్రమే ఉండే డీఎన్‌ఏ ముక్కను ఎంచుకుని దాన్ని రెట్టింపు, మళ్లీ రెట్టింపు చేసుకుంటూ పోతారు. 30 విడతలు పూర్తయ్యేసరికి సిద్ధాంతరీత్యా ఒక్క ముక్క 107 కోట్ల ముక్కలవుతుంది. లేకపోతే ఏమీ కాదు. జీవి పెరిగేదాకా ఆగక్కర్లేదు, రంగు చూసి మోసపోయే పని లేదు.

కిటుకంతా ఆ ముక్కను ఎంచుకోవడంలోనే ఉంది. 2001లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయానికి చెందిన సక్తివేల్, డెన్మార్క్ ప్రభుత్వ విత్తన వ్యాధుల సంస్థలోని మోర్టెన్సెన్, మాథుర్‌లతో కలిసి ఎండాకు తెగులు బ్యాక్టీరియా డీఎన్‌ఏలో పలుచోట్ల కనిపించే ఒక ముక్క ఆధారంగా పీసీఆర్ పరీక్షను ప్రచురించారు. కృత్రిమంగా సోకించిన గింజల్లోనే కాదు, పొలంలో సహజంగా సోకిన గింజల్లోనూ అది బ్యాక్టీరియాను పట్టింది. అయితే ఎండాకు తెగులు, ఆకుచార తెగులు బ్యాక్టీరియాలు రెండూ ఎంత దగ్గరి బంధువులంటే ఒకే జాతిలో రెండు ఉపవర్గాలుగా లెక్క. ఒకటి నీటినాళాల్లో ఉంటుంది, రెండోది ఆకు కణాల మధ్య ఉంటుంది. డీఎన్‌ఏ మాత్రం చాలామటుకు ఒకటే. ఒకదానికి పెట్టిన పరీక్షకు రెండోది దొరికే ప్రమాదం ఉండేది.

2005లో కొరియా, జపాన్ శాస్త్రవేత్తలు విడివిడిగా ఎండాకు తెగులు బ్యాక్టీరియా జన్యుపటాన్ని పూర్తిగా చదివాక ఈ ముడి వీడింది. సుమారు 50 లక్షల అక్షరాల ఆ పుస్తకాన్ని, దాని తోబుట్టువు పుస్తకాన్ని పక్కపక్కన పెట్టి, ఒకదానిలో ఉండి రెండోదానిలో లేని పుటలను కంప్యూటర్‌తో వెతికించవచ్చు. అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీ బృందం 2010లో చేసింది అదే. రెండింటినీ ఒకే గొట్టంలో వేరు చేసి చెప్పే పరీక్షను రూపొందించింది. అదే బృందం 2014లో ఇంకో మెట్టు దిగింది. మెట్టు దిగడమంటే ఇక్కడ మంచిదే. పీసీఆర్‌కు వేడిని పెంచుతూ తగ్గిస్తూ ఉండే ఖరీదైన యంత్రం కావాలి. జపాన్‌లో 2000లో వెలుగుచూసిన లాంప్ అనే పద్ధతికి అది అక్కర్లేదు. 60 నుంచి 65 డిగ్రీల మధ్య ఒకే వేడి, గంటసేపు చాలు. వేడినీళ్ల తొట్టి ఉన్న ఏ విత్తన పరీక్ష కేంద్రంలోనైనా చేయవచ్చు. ఫలితాన్ని గొట్టంలో మారే రంగును బట్టి చెప్పేలా కూడా దీన్ని అమర్చవచ్చు.

అమెరికన్లకు ఈ శ్రద్ధ ఊరికే రాలేదు. లూసియానా రైతులు ఏళ్ల తరబడి తమ వరి కంకులు నిటారుగా, తేలిగ్గా, తాలుగా నిలబడటానికి ఎండవేడి కారణమనుకున్నారు. వేడి ఎక్కువున్న ఏడాదే అలా అయ్యేది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. 1995లో కొన్ని పొలాల్లో దిగుబడి 40 శాతం దాకా పడిపోయాక వెతికితే 1996, 1997ల్లో అసలు నేరస్తుడు దొరికాడు. జపాన్‌లో 1950ల నుంచే తెలిసిన బర్కోల్డేరియా గ్లూమే. ఎండ కారణం కాదు, దానికి అనుకూలించిన వాతావరణం మాత్రమే. 2006లో ఆర్కాన్సా శాస్త్రవేత్తలు దీన్ని గింజలో పట్టేందుకు రియల్ టైమ్ పీసీఆర్ తయారు చేశారు.

మన దగ్గర భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఉత్తరాది వరి పొలాల్లో ఈ బ్యాక్టీరియాను గుర్తించినట్టు 2015లో ప్రకటించారు. పూత దశలో రాత్రి ఉష్ణోగ్రతలు దిగకపోతే ఇది చెలరేగుతుంది. తాలు గింజలు ఎక్కువైతే వేడి వల్లనో, కంకినల్లి వల్లనో అనుకుని సరిపెట్టుకోవడం మన రైతులకూ అలవాటే.

సంచి లెక్క

పరీక్ష ఎంత పదునైనదైనా దాని ముందు పెట్టిన గింజలనే చూస్తుంది. ఈ చిన్న సత్యం దగ్గరే చాలా ఉత్సాహాలు చల్లారిపోతాయి.

సాంబ మసూరి లాంటి సన్నగింజ వెయ్యి తూస్తే సుమారు 15 గ్రాములు. ఎకరానికి 25 కిలోల విత్తనమంటే దాదాపు 16 లక్షల 60 వేల గింజలు. పది వేలకు ఒక్క గింజలో బ్యాక్టీరియా ఉందనుకుందాం. వినడానికి అది సోకనట్టే లెక్క. కానీ ఎకరా నారుమడిలో అలాంటి గింజలు 160కి పైగా పడతాయి. నారుమడిలో నీరు అందరిదీ. నారు పీకేటప్పుడు వేళ్లు తెగుతాయి, నాటేముందు ఆకు కొనలు తుంచే అలవాటున్న చోట్ల ప్రతి మొక్కకూ తాజా గాయం. ఆ 160లో పది మొలకలు జబ్బును నిలుపుకున్నా చాలు.

మొలక పరీక్షకు తీసేది 400 గింజలు. పది వేలకు ఒకటి సోకిన విత్తనంలో ఆ 400లో ఒక్కటైనా సోకిన గింజ పడే అవకాశం నాలుగు శాతం. అంటే నూటికి 96 సార్లు పీసీఆర్ యంత్రం ఎంత గొప్పదైనా 'లేదు' అనే చెబుతుంది. 95 శాతం భరోసా కావాలంటే 30 వేల గింజలు, అంటే అర కిలోకు కాస్త తక్కువ, నానబెట్టి ఆ నీటిని పరీక్షించాలి. అసాధ్యమేమీ కాదు. విత్తనాన్ని చిన్న చిన్న వాటాలు చేసి, ఒక్కో వాటాను విడిగా పరీక్షిస్తే ఎంత శాతం సోకిందో కూడా అంచనా వేయవచ్చు. కానీ వరి పొట్టులోని పదార్థాలు పీసీఆర్‌ను మధ్యలోనే అడ్డగిస్తాయి. బ్యాక్టీరియా ఉన్నా లేదని చూపించే ప్రమాదం ఇక్కడే. అందుకే ప్రతి గొట్టంలోనూ పరీక్ష నడిచిందా లేదా అని చెప్పే ఒక సాక్షి డీఎన్‌ఏను కలపడం సరైన పద్ధతి. ఆ సాక్షి లేకుండా ఇచ్చే 'తెగులు లేదు' కాగితానికి విలువ లేదు.

అటువైపు ఇంకో చిక్కు. కొవిడ్ నుంచి కోలుకుని వారాలైనా కొందరికి ఆర్‌టీపీసీఆర్‌లో పాజిటివ్ రావడం గుర్తుందా? చచ్చిన వైరస్ ముక్కలను యంత్రం బతికున్న వాటిలాగే లెక్కపెట్టింది. గింజ విషయంలోనూ అంతే. నిల్వలో బ్యాక్టీరియా చచ్చిపోతుందని కటక్ శాస్త్రవేత్తలు చెప్పింది నిజమైతే, ఊకలో మిగిలేది శవాల డీఎన్‌ఏ. పరీక్ష 'ఉంది' అంటుంది. ఎగుమతికి సిద్ధమైన సరుకు ఓడరేవులో ఆగిపోతుంది. ఐరోపా, మధ్యధరా ప్రాంత దేశాల మొక్కల రక్షణ సంస్థ ఎండాకు, ఆకుచార తెగుళ్లు రెంటినీ తమ ప్రాంతంలోకి రానివ్వకూడని ఏ1 జాబితాలో పెట్టింది. అమెరికా 2002 జీవ ఉగ్రవాద నిరోధక చట్టం కింద తయారు చేసిన జాబితాలో ఆకుచార బ్యాక్టీరియాను చేర్చింది. అలాంటి దేశాలకు విత్తనం పంపే వ్యాపారికి చచ్చినదీ బతికినదీ తేడా చెప్పని పరీక్ష అంటే భయం ఉండటం సహజం.

దీనికీ ఉపాయాలున్నాయి. ముందు కొన్ని గంటలో రోజులో పోషకాల్లో పెంచి ఆ తర్వాత పీసీఆర్ చేస్తే బతికున్నవి సంఖ్యలో పెరిగి పట్టుబడతాయి. లేదా చచ్చిన కణంలోకి మాత్రమే జొరబడి దాని డీఎన్‌ఏను నిరుపయోగం చేసే రంగును ముందుగా కలపవచ్చు. రెండింటికీ సమయమూ ఖర్చూ పెరుగుతాయి. రెండు గంటల పరీక్ష రెండు మూడు రోజులదవుతుంది. అయినా పళ్లెం మీద పెంచి రెండు వారాలు ఆగేదాని కన్నా నయమే.

ఎవరి పని?

విదేశాల నుంచి పరిశోధన కోసం వచ్చే చిన్న విత్తన పొట్లాం కూడా దేశంలోకి ఊరికే రాదు. జాతీయ మొక్కల జన్యు వనరుల బ్యూరో దాన్ని పరీక్షించి, శుద్ధి చేసి, అవసరమైతే విడిగా పెంచి చూశాకే వదులుతుంది. హైదరాబాద్ శివారు రాజేంద్రనగర్‌లో ఆ బ్యూరో ప్రాంతీయ కేంద్రం ఉంది. అదే రాజేంద్రనగర్‌లో భారతీయ వరి పరిశోధన సంస్థ ఉంది. అక్కడి నుంచి మూడు నాలుగు గంటలు ప్రయాణిస్తే కరీంనగర్, వరంగల్ ప్రాంతాలు. దేశంలో సాగయ్యే హైబ్రిడ్ వరి విత్తనంలో అత్యధిక భాగం అక్కడే తయారై ఉత్తరప్రదేశ్, బిహార్, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్‌లకు లారీల్లో వెళుతుంది. చేతెడు విదేశీ విత్తనానికి ఉన్న కాపలా ఆ లారీలకు లేదు. దేశంలోపల జబ్బుపడ్డ మొక్కల రవాణాను అడ్డుకునే చట్టం 1914 నుంచీ ఉంది. దాని కింద బంగాళాదుంప పులిపిరి తెగులు వంటి కొన్నింటికి ఆంక్షలు పెట్టారు గానీ వరి బ్యాక్టీరియాలను అందులోకి తేలేదు.

న్యాయంగా చెప్పాలంటే తెలంగాణ విత్తనానికి ప్రకృతి ఒక ఉచిత కాపలా ఇచ్చింది. హైబ్రిడ్ వరి విత్తనం ఎక్కువగా యాసంగిలో పండుతుంది. ఎండాకు తెగులుకు కావలసిన గాలివానలు, ముసురు అప్పుడుండవు. కోతల నాటికి ఎండలు మండుతుంటాయి. వానాకాలం పంట నుంచి విత్తనం తీసే ప్రాంతాలకు, ఇంటి విత్తనమే దాచుకునే రైతులకు ఆ సదుపాయం లేదు. ఇక వేడిని ప్రేమించే బర్కోల్డేరియా విషయంలో ఈ కాపలా ఎంతవరకు పనిచేస్తుందో చూడాల్సిందే, నమ్ముకుని కూర్చోవడం తెలివైన పని కాదు.

హైదరాబాద్ 2019లో అంతర్జాతీయ విత్తన పరీక్షా సంఘం మహాసభకు ఆతిథ్యమిచ్చింది. విత్తన భాండాగారమన్న పేరును రాష్ట్రం గర్వంగా చెప్పుకుంటుంది. అలాంటి చోట నుంచే వరికి బ్యాక్టీరియా పరీక్ష మొదలైతే పేరుకు తగ్గ పని అయ్యేది. ప్రతి సంచికీ పరీక్ష చేయాలని ఎవరూ అడగడం లేదు. అది అక్కర్లేదు కూడా. వేల సంచులకు మూలమైన బ్రీడర్, ఫౌండేషన్ విత్తనాన్ని పరీక్షిస్తే చాలు. ఆ దశలో పరిమాణం తక్కువ, పరీక్ష ఖర్చు కింది సంచులన్నిటిపైనా పంచుకుంటే లెక్కలోకి రాదు. నష్టం ఆపే అవకాశం అక్కడే అన్నిటికన్నా ఎక్కువ.

దీనికి ఎదురయ్యే ప్రధానమైన అభ్యంతరం తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. తెగులును తట్టుకునే వరి ఉండగా గింజలను జల్లెడ పట్టడం ఎందుకు? 1986లో బాపట్ల నుంచి విడుదలైన సాంబ మసూరి తినడానికి ఎంత బాగుంటుందో ఎండాకు తెగులుకు అంత లోకువ. సీసీఎంబీ, అప్పటి వరి పరిశోధన డైరెక్టరేట్ కలిసి దానిలోకి మూడు నిరోధక జన్యువులు ప్రవేశపెట్టి 2008లో మెరుగైన సాంబ మసూరిని విడుదల చేశాయి. జన్యుమార్పిడి కాదు, మామూలు సంకరమే. ఏ మొక్కలో ఏ జన్యువు వచ్చిందో తేల్చడానికి వాడింది మాత్రం ఇదే పీసీఆర్. ఆ మూడింటిలో ఒకటైన ఎక్స్‌ఏ21 మాలీ దేశపు అడవి వరి నుంచి వచ్చింది. ఈ వాదన చాలావరకు సరైనదే. డబ్బు ఒక్కదానికే ఉంటే నిరోధక విత్తనానికే పెట్టాలి.

కానీ ఆ మూడు జన్యువులు ఎండాకు తెగులును ఆపుతాయి, కంకిని తాలు చేసే బర్కోల్డేరియాకు అవి కంచె కాదు. పైగా బ్యాక్టీరియా కూడా మారుతుంది. టాంజానియాలో కనిపించినట్టు కొత్త వంశం దిగితే నిన్నటి నిరోధం నేటికి చాలకపోవచ్చు. ఏ వంశం ఎటు కదులుతోందో తెలియాలన్నా గింజల్లోని డీఎన్‌ఏను చదవాల్సిందే. వరి శాస్త్రవేత్తలు ఈ పనిని పరిశోధనగా చేస్తూనే ఉన్నారు. విత్తన ధృవీకరణ యంత్రాంగం దాన్ని రోజువారీ పనిగా ఇంకా స్వీకరించలేదు.

చట్టం వైపు నుంచి చూస్తే ఇప్పటికీ దిక్కు 1966 నాటి విత్తన చట్టమే. దాని స్థానంలో 2004లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు చట్టం కాలేకపోయింది. 2025 నవంబర్‌లో కేంద్రం మరో ముసాయిదాను ప్రజల ముందుంచింది. ఆ చర్చ అంతా నకిలీ విత్తనం, ధర, నష్టపరిహారం చుట్టూ తిరుగుతోంది. అవి తక్కువ సమస్యలు కావు. పరిహారం ప్రశ్న మాత్రం నేరుగా ఈ పరీక్ష దగ్గరికే వస్తుంది. విత్తనం మొలవకపోతే రైతు నిరూపించగలడు, మడి ఖాళీగా కనిపిస్తుంది. మొలిచి, పెరిగి, పొట్టదశలో ఎండిపోతే అది విత్తనంలోనే వచ్చిందని ఎలా నిరూపిస్తాడు? కంపెనీ వాతావరణం అంటుంది, అధికారి నత్రజని ఎక్కువైందంటాడు. ఇద్దరి మాటా సగం నిజం కూడా కావచ్చు.

1966 చట్టంలోనే ఒక చిన్న ఏర్పాటు ఉంది. విత్తన ఇన్‌స్పెక్టర్ దుకాణంలో నమూనా తీసినప్పుడు దాన్ని మూడు పొట్లాలు చేసి సీలు వేయాలి. ఒకటి అమ్మకందారుకు, ఒకటి పరీక్ష కేంద్రానికి, మూడోది వివాదం వస్తే వాడుకోవడానికి భద్రంగా ఇన్‌స్పెక్టర్ దగ్గర. వివాదం వచ్చినప్పుడు ఆ మూడో పొట్లాన్ని విప్పి మళ్లీ మొలకెత్తించి చూస్తారు. అక్టోబర్‌లో ఎండాకు తెగులు సోకిన రైతు ఫిర్యాదు చేసేనాటికి ఆ పొట్లంలోని బ్యాక్టీరియా చాలావరకు చచ్చిపోయి ఉంటుంది, పళ్లెం మీద ఏదీ మొలవదు. పీసీఆర్‌కు అది అడ్డు కాదు. ఎగుమతిదారును భయపెట్టే ఆ శవాల డీఎన్‌ఏ ఇక్కడ రైతు తరఫున సాక్ష్యం చెప్పగలదు. జబ్బుకు అదొక్కటే కారణమని తేల్చదు గానీ, సంచిలో ఏముందో చెబుతుంది. ఆ మూడో పొట్లాన్ని విప్పి బ్యాక్టీరియా కోసం వెతకమని నియమాల్లో ఇప్పటిదాకా ఎవరూ రాయలేదు.